ఇప్పుడు ఏం చదువుతున్నారు?

చలి మొదలైనప్పటి నుంచి మాకు వస్తున్న ఉత్తరాలలో సగానికి పైగా పుస్తకాల గురించే ఉంటున్నాయి. వాటిలో కొన్నింటిని కుదించి, జవాబులతో ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: మేము పన్నెండు మంది పాఠకులం. ఏటా చలికాలంలో ఒకచోట చేరి, ఎవరు ఏం చదువుతున్నారో చెప్పుకుంటాం. పేర్లన్నీ శ్రద్ధగా రాసుకుంటాం. మళ్లీ ఏడాది కలిసేసరికి ఒకరు చెప్పిన పుస్తకాన్ని మరొకరు చదివిన దాఖలా మాత్రం కనిపించదు. లోపం పుస్తకాలలో ఉందా, మాలో ఉందా?

జవాబు: లోపం మీరు అడుగుతున్న ప్రశ్నలో ఉందేమోనని నా అనుమానం. ‘ఒక మంచి పుస్తకం చెప్పండి’ అని అడిగితే ఎంతటి చదువరికైనా పరీక్షకు కూర్చున్నట్టే ఉంటుంది. పదిమందిలో తన అభిరుచికి మార్కులు పడుతున్నాయన్న బెరుకుతో, ఎన్నడో చదివి, ఇప్పుడు వివరాలు కూడా సరిగా గుర్తులేని ఒక గొప్ప గ్రంథం పేరు చెప్పి ఊరుకుంటాడు. వినేవారు ఆ పేరును గౌరవంగా రాసుకుంటారు, అంతే గౌరవంగా మరిచిపోతారు. అలా కాకుండా ‘ఈ రాత్రి మీ తలగడ పక్కన ఏ పుస్తకం ఉంది, ఎన్నో పేజీలో ఉన్నారు’ అని అడిగి చూడండి. జవాబులో పేరుతో పాటు మనిషి కూడా ఉంటాడు.

నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక స్నేహితురాలు జపాన్ రచయిత యసునారి కవబాత నవల ‘స్నో కంట్రీ’ చదువుతూ, “నలభై పేజీలయ్యాయి, చెప్పుకోదగ్గది ఏదీ ఇంకా జరగలేదు. రైలు కిటికీ అద్దం ఉన్న పేజీని మాత్రం మూడుసార్లు చదివాను” అంది. ఆ రచయితకు 1968లో నోబెల్ బహుమతి వచ్చిందని నాకు అంతకుముందే తెలుసు. ఆ సంగతి నా చేత ఒక్క పేజీ అయినా తిప్పించలేదు. ఆమె మాట విన్న వారంలోగా పుస్తకం తెచ్చుకున్నాను. ఆమె చెప్పిన పేజీలో చీకటి పడుతుంటుంది. కిటికీ అద్దంలో ఒక అమ్మాయి ముఖం, ఆ ముఖం వెనుక నుంచి కదిలిపోతున్న కొండలు కలిసి కనిపిస్తుంటాయి. ఎక్కడో కొండ మీద వెలిగిన ఒక దీపం జారుతూ వచ్చి, ఆమె కంటిపాప మీద ఒక్క క్షణం నిలుస్తుంది. నేనూ ఆ పేజీని వెంటనే రెండోసారి చదివాను. ఇంకా ఏమీ జరగలేదన్న ఆమె ఫిర్యాదు కూడా నిజమే. అది ముందే తెలిసి ఉండటం వల్ల నేను సంఘటనల కోసం ఎదురు చూడకుండా నింపాదిగా చదవగలిగాను. ఆ మాట దాచి, అద్భుతమైన నవల అని మాత్రమే చెప్పి ఉంటే, ముప్పయ్యో పేజీ దగ్గర పక్కన పెట్టేసి ఉండేవాడిని.

అందువల్ల మీ సమావేశంలో ఎక్కడిదాకా చదివారో, ఎక్కడ విసుగు పుట్టిందో, ఏ పేజీకి మళ్లీ వెనక్కి వెళ్లారో దాపరికం లేకుండా చెప్పుకోండి. ఇంకొక మాట. ఒక పుస్తకాన్ని పన్నెండు మందికీ కలిపి సిఫారసు చేయకండి. వారిలో ఒకరి వైపు తిరిగి, ఇది మీకు నచ్చుతుంది, ఫలానా కారణం వల్ల, అని చెప్పండి. ఆ ఒక్కరూ తప్పక చదువుతారు, వేరొకరికి చెప్పిన మాట చెవిన పడిన మిగిలినవారిలోనూ ఒకరిద్దరు చదువుతారు. వీలైతే ప్రతిని అక్కడికక్కడే చేతిలో పెట్టి పంపండి, ఎందుకంటే కాగితం మీద రాసుకున్న పేరుకన్నా సంచిలో ఉన్న పుస్తకానికి గెలుపు అవకాశం ఎక్కువ. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏడాది ఆగకుండా మూడు వారాలకే మళ్లీ కలవండి. పుస్తకం తిరిగి ఇవ్వాల్సిన తేదీ దగ్గరపడుతున్నప్పుడు కలిగే చదువు శ్రద్ధ వేరు.

ప్రశ్న: దీర్ఘమైన ఈ రాత్రుల్లో చదవదగిన రచనలు కొన్ని సూచించండి. వెయ్యి పేజీల నవలలు మాత్రం వద్దు.

జవాబు: పైన చెప్పినదాని ప్రకారం మీరెవరో తెలియకుండా సిఫారసు చేయకూడదు. అయినా అడిగారు కనుక నేను ఈ చలికాలంలో తిరగేస్తున్నవాటి గురించే చెబుతాను.

చెహోవ్ 1886లో రాసిన ఒక చిన్న కథ ఉంది, దాని రష్యన్ పేరు ‘తొస్కా’. కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న బండివాడు అయోనా, మంచు కురుస్తున్న సాయంత్రం తన గుర్రపుబండి మీద కదలకుండా కూర్చుని ఉంటాడు. ఎక్కినవారికల్లా తన బాధ చెప్పబోతాడు. ఎవరికీ వినే తీరిక ఉండదు. పావుగంటలో ముగిసే కథ ఇది. అది చదివాక వెంటనే మరో కథ మొదలుపెట్టడం నా వల్ల కాలేదు. మంచు అతని మీదా గుర్రం మీదా ఒకేలా పేరుకుంటున్న మొదటి పేరా దగ్గరే మీకు ఆ కథ తీరు తెలిసిపోతుంది.

పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’ను చలికాలపు కథ అనడానికి లేదు, అయినా తలుపులు బిగించుకుని చదవవలసిన కథల్లో దానికి సాటి వచ్చేవి నాకు ఎక్కువ కనబడలేదు. నియమాలతో జీవితాన్ని కొలుచుకుంటూ వచ్చిన ఒక పెద్దమనిషి, ఒక భిక్షగత్తె, తుపాను రాత్రి రైల్వే స్టేషనులో ఒక గది, అంతే. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందిన కథగా దీని పేరు చాలామందికి తెలుసు. పేరు తెలిసినందువల్లే చదివేశామనుకుని వదిలేసినవారూ ఉన్నారు.

నవలే కావాలంటే మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ తీసుకోండి. దాని పుట్టుకే ఒక చలి కథ. 1815 ఏప్రిల్‌లో తంబోరా అగ్నిపర్వతం బద్దలై ఎగజిమ్మిన పదార్థం వాతావరణంలో వ్యాపించడంతో, 1816లో యూరప్‌లో ఎండాకాలం సరిగా రానే లేదు. జెనీవా సరస్సు దగ్గర వానకు ఇంట్లో చిక్కుకుపోయిన మిత్రబృందం, తలా ఒక దయ్యం కథ రాయాలని పందెం వేసుకుంది. అప్పటికి పద్దెనిమిదేళ్ల మేరీ మొదలుపెట్టిన కథ 1818లో నవలగా వచ్చింది. సినిమాల్లో భూతాన్ని చూసి కథ తెలుసనుకునేవారికి మొదటి పేజీలోనే ఆశ్చర్యం ఎదురవుతుంది, ఎందుకంటే నవల ఉత్తర ధ్రువ యాత్రకు బయలుదేరిన ఒక నావికుడు అక్కకు రాసే ఉత్తరాలతో మొదలవుతుంది. మొదటి ఉత్తరం తేదీ డిసెంబరు 11.

పనిలో పనిగా ఒక హెచ్చరిక. దొస్తొయెవ్‌స్కీ ‘శ్వేత రాత్రులు’ (1848) పేరు చూసి మంచు కథ అనుకుని చలికాలానికి దాచుకునేవారు ఉంటారు. ఆ తెలుపు మంచుది కాదు, పీటర్స్‌బర్గ్‌లో వేసవి మొదట్లో పూర్తిగా చీకటి పడని రాత్రులది. చదవండి, మంచు కోసం వెతక్కండి.

ప్రశ్న: కథ అంతా చెప్పేయకుండా ఒక పుస్తకం గురించి ఎలా మాట్లాడాలి? నేను నోరు తెరిస్తే ముగింపు బయటపడుతోంది.

జవాబు: మొదటి చిక్కు దగ్గర ఆగిపోవడం అలవాటు చేసుకోండి. జాక్ లండన్ కథ ‘టు బిల్డ్ ఎ ఫైర్’ను తీసుకుందాం. సున్నాకు దిగువన డెబ్బై అయిదు డిగ్రీల ఫారెన్‌హీట్ చలిలో, అంటే దాదాపు మైనస్ 59 డిగ్రీల సెల్సియస్‌లో, ఒక మనిషి ఒంటరిగా నడిచి వెళుతుంటాడు, వెంట ఒక కుక్క ఉంటుంది. అంత చలిలో ఒక్కడే బయలుదేరవద్దని అనుభవజ్ఞుడు ఒకడు ముందే చెప్పి ఉంటాడు. ఇంతవరకు చెబితే చాలు, వినేవాడు మిగతాది తానే వెళ్లి చదువుకుంటాడు. ఈ కథను రచయిత 1902లో ఒకసారి, 1908లో మరోసారి రాశాడు, రెండింటి ముగింపులూ వేరు. ఏ ముగింపు ఎలాంటిదో నన్ను అడగకండి.

ప్రశ్న: సగంలో ఆపేసిన పుస్తకం గురించి పదిమందిలో చెప్పుకోవచ్చునా?

జవాబు: తప్పకుండా చెప్పండి. ఆపేశానని కూడా చెప్పండి. మీరు ఆపిన కారణమే మరొకరికి చదవడానికి కారణం కావచ్చు. వర్ణనలు ఎక్కువని మీరు విడిచిపెట్టిన పుస్తకం కోసం, వర్ణనలంటే ప్రాణం పెట్టే మనిషి మీ ఎదుటే కూర్చుని ఉండవచ్చు.

ప్రశ్న: రాత్రి దుప్పటి కప్పుకుని చదవడం మొదలుపెడితే పది నిమిషాల్లో నిద్ర ముంచుకొస్తోంది, పుస్తకం ముఖం మీద పడుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: దీపం భుజం వెనుక నుంచి పడేలా పెట్టుకుని, వీపుకు దిండు ఆనించి కూర్చుని చదవండి. అప్పటికీ నిద్ర ఆగకపోతే లావుపాటి అట్ట ఉన్న నవలలను పగటికి కేటాయించి, రాత్రికి పల్చని కథల సంపుటాలు పెట్టుకోండి. ముఖం మీద పడినా దెబ్బ తగలదు.