తొలి ఆల్బమ్ మీద రాసే తమ్ముడికి

పర్లాకిమిడి

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

గుణుపురం నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. అమెరికన్ ర్యాపర్ నాస్ తొలి ఆల్బమ్ 'ఇల్‌మాటిక్'ని జనం, విమర్శకులు ఎలా తీసుకున్నారన్నది మన వైపు ఎవరూ పెద్దగా ముట్టుకోని విషయం. అందుకే సంతోషమేసింది. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు చదువుకున్నవాడివి కదా, వత్తులు అక్కడక్కడా తప్పాయి. వాటికి టెన్షన్ పడకు, నేను దిద్దుతాను. నేను దిద్దలేనిది వేరే ఉంది.

"విమర్శకులు మెచ్చారు, అభిమానులు నెత్తిన పెట్టుకున్నారు" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. అసలు కథంతా ఆ రెండు ముక్కల మధ్యే ఉంది. 1994 ఏప్రిల్‌లో ఆల్బమ్ వచ్చేనాటికి నాస్‌కి 20 ఏళ్లు. 'ది సోర్స్' అనే హిప్‌హాప్ పత్రిక ఐదుకి ఐదు మైకులు ఇచ్చింది, అక్కడ మార్కులంటే మైకులే. కొత్తవాడికి అన్ని మార్కులు పడటం అప్పట్లో చాలా అరుదు. మరి డబ్బు పెట్టి కొన్నవాళ్లో? ఐదు లక్షల కాపీల గోల్డ్ గుర్తింపు 1996లో వచ్చింది, పది లక్షల ప్లాటినం 2001లో. ఎందుకింత ఆలస్యం? నాకు తోచింది చెప్తాను. అప్పుడు కాలిఫోర్నియా ర్యాపర్లు డాక్టర్ డ్రే, స్నూప్ డాగ్‌ల వెస్ట్ కోస్ట్ బాణీ రాజ్యమేలుతోంది. ఈ కుర్రాడేమో న్యూయార్క్ క్వీన్స్‌బ్రిడ్జ్‌లో పేదలకి సర్కారు కట్టిన ఇళ్ల గురించి, ఊపిరాడనంత దట్టంగా మాటలు పేర్చాడు. ఒక్కసారి వింటే అందేది కాదు. నాతో ఒప్పుకోనక్కర్లేదు, కానీ నీ కారణమేదో నువ్వు చెప్పాలి.

ఇంకా తమాషా ఉంది. 1996లో వచ్చిన రెండో ఆల్బమ్ అమెరికా అమ్మకాల పట్టిక బిల్‌బోర్డ్‌లో నేరుగా మొదటి స్థానానికి వెళ్లింది. ఈసారి జనం ముందే వచ్చారు, మొహం చిట్లించింది విమర్శకులు. రేడియో కోసం మెత్తబడ్డాడన్నారు. తొలి ఆల్బమే కొలబద్ద అయి కూర్చుంది.

అభిమాని మాటని తేలిగ్గా తీసుకోకు. విమర్శకుడు గడువులోపు రెండు మూడుసార్లు విని రాసేస్తాడు. అభిమాని నెలల తరబడి వింటాడు. నౌపడ బండిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఊగే మీ స్నేహితుణ్ణే అడుగు: ఏ లైను దగ్గర వెనక్కి తిప్పుతావు, ఏ పాట దాటేస్తావు అని. "సూపర్ అన్నా" అంటే వదలకు, ఇంకోసారి అడుగు. వాడు చెప్పింది వాడి మాటల్లోనే రాయి. ఎలాగూ గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని ఉత్తరం రాస్తున్నాను, "శ్రోతల హృదయాలను ఓలలాడించిన కళాఖండం" లాంటివి నా కంటపడితే కొట్టేస్తాను.

అట్ట మీది పేర్లు కూడా చదవాలి. డీజే ప్రీమియర్, పీట్ రాక్, లార్జ్ ప్రొఫెసర్, క్యూ-టిప్ బీట్లు కట్టిన ఆల్బమ్ ఇది. నీ వ్యాసంలో ఒక్క పేరూ లేదు, "ఒంటిచేత్తో" అన్న మాట మాత్రం ఉంది. ఆ మాటతో చిక్కేంటో ఇంకో ఆల్బమ్‌తో చెప్తాను. 1998లో ర్యాపర్, గాయని లారిన్ హిల్ సోలో ఆల్బమ్‌ని విమర్శకులు, అభిమానులు ఒకేసారి నెత్తికెత్తుకున్నారు. 1999లో ఐదు గ్రామీ అవార్డులు వచ్చాయి, హిప్‌హాప్‌కి తొలిసారి 'ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్' దక్కింది. అట్ట మీద రచన, నిర్మాణం ఎక్కువగా ఆమె పేరునే ఉన్నాయి. తమకి రావాల్సిన పేరు రాలేదని ఆమెతో పనిచేసిన సంగీతకారులు కోర్టుకెక్కారు, 2001లో బయట రాజీ అయింది. ఎవరిది న్యాయమో మనం తేల్చలేం గానీ, "ఒంటిచేత్తో" అని రాసేముందు చెయ్యి ఆగాలి.

నాస్ బాల్యం గురించిన మొదటి రెండు పేరాలూ తీసేయ్, అవి ఎక్కడైనా దొరుకుతాయి. 1996తో మొదలుపెట్టి వెనక్కి నడు. ఈసారి కాగితానికి ఒకవైపే రాయి, దిద్దడానికి నాకు చోటుండాలి. వచ్చే ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను, బండి ఎక్కి వచ్చేయ్. ఆ స్నేహితుణ్ణి కూడా తీసుకురా.

ఇట్లు,
మీ అన్నయ్య