రైఫిలు వేగం కొలిచే ముందు

గవర్నర్‌పేట, విజయవాడ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ జాబు అందింది. గాలి ఒత్తిడితో కాల్చే ఎయిర్ రైఫిళ్లు రెండింటి వేగం కొలిస్తే, స్ప్రింగు పిస్టన్‌ను తోసి గాలిని నొక్కే స్ప్రింగు రైఫిలు సెకనుకు 189 మీటర్లు, ముందే గాలి నింపిన సిలిండరు రైఫిలు 174 మీటర్లు చూపించాయని, కనుక మొదటిదే కొంటానని రాశావు. ఆ బేరం కొద్ది రోజులు ఆపు. దేనిలో ఎంత బరువు పెల్లెట్టు, అంటే చిన్న సీసపు గుండు, వేశావో నీ జాబులో ఎక్కడా లేదు. 0.45 గ్రాముల పెల్లెట్టు 189 మీటర్ల వేగంతో వెళ్లినా, 0.53 గ్రాములది 174 మీటర్ల వేగంతో వెళ్లినా రెండింటి శక్తీ ఇంచుమించు 8 జౌళ్లే. అప్పుడు నీవు చూసిన తేడా పెల్లెట్లది, రైఫిళ్లది కాదు.

కాబట్టి రెండింటికీ ఒకే డబ్బాలోని పెల్లెట్లు వాడు. పదింటిని కలిపి వన్‌టౌన్‌లో తెలిసిన బంగారపు కొట్టువారి కాటా మీద తూయించి, సగటు బరువు రాసుకో. గాలి ఒరిపిడికి పెల్లెట్టు వేగం క్షణక్షణం తగ్గుతుంది కాబట్టి, వేగం కొలిచే క్రోనోగ్రాఫును రెండుసార్లూ బ్యారెల్ కొసకు ఒకే దూరంలో, ఒక మీటరుకు, పెట్టు. అది పెల్లెట్టు నీడను పసిగట్టి లెక్కించే పరికరం కనుక ట్యూబులైటు మిణుకులకూ, నేరుగా పడే ఎండకూ తప్పుడు అంకెలు చూపిస్తుంది. నీడ పట్టున వరండాలో కొలవడం మేలు.

ఇక నూనె సంగతి. ఇరవై ఏళ్ల కిందట నేనొక స్ప్రింగు రైఫిలుకు ధారాళంగా నూనె వేసి, ఆ సాయంత్రమే కొలిచి, దాని వేగం అద్భుతమని మిత్రునికి సిఫారసు చేశాను. బ్యారెల్ కొస నుంచి సన్నని పొగ, మాడిన నూనె వాసన వస్తున్నా పట్టించుకోలేదు. పిస్టన్ ఒత్తిడికి వేడెక్కిన గాలిలో నూనె మండి, వేగాన్ని పెంచింది. వారం తిరక్కుండా అంకెలు దిగజారాయి, ఆయన డబ్బు వృథా అయింది. ఆ బాధ నాకింకా ఉంది. అందుకే స్ప్రింగు రైఫిలుతో మొదట ముప్పై గుళ్లు వదిలి, వాసన పోయాకనే కొలువు.

తరువాత ఒక్కోదానితో పది గుళ్లు కాల్చి, సగటు కంటే ముందు అత్యధిక, అత్యల్ప వేగాల మధ్య తేడా చూడు. 174 మీటర్ల వేగంతో వెళ్లే పెల్లెట్టు 10 మీటర్ల దూరంలో సుమారు 16 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. వేగం 5 మీటర్లు తగ్గితే ఇంకో మిల్లీమీటరు దిగుతుంది. 10 మీటర్ల పోటీ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే. గుండు గుండుకూ వేగం మారే రైఫిలు ఎంత జోరుగా కొట్టినా నీకు పనికిరాదు.

2016 నాటి ఆయుధాల నియమావళి ప్రకారం శక్తి 20 జౌళ్లు మించినా, బోరు, అంటే బ్యారెల్ లోపలి వ్యాసం, 4.5 మిల్లీమీటర్లు మించినా లైసెన్సు కావాలి. ఆ హద్దు దాటే సరుకు జోలికి పోకు.

ఆదివారం ఎండ ముదరక ముందే రెండు రైఫిళ్లూ, కళ్లద్దాలూ తీసుకుని రా. పెల్లెట్ల డబ్బా మాత్రం ఒక్కటే తెచ్చుకో.

ఇట్లు,
నీ మేనమామ