జాయింట్ ఆఫీసు పెడుతున్నావట కదా బిడ్డా

సింధూ,

మీ నాయన నిన్న రాత్రి ఫోన్ చేశాడు. బ్రిస్బేన్ వాళ్ళతో కలిసి హైదరాబాద్‌లో మైనింగ్, సస్టైనబిలిటీ మీద ఉమ్మడి రీసెర్చ్ ఆఫీసు పెడుతున్నావట, కొత్తగూడెంలో ఫీల్డ్ స్టేషన్ కూడా ఉంటదట, ఇండియా వైపు హెడ్‌వి నువ్వేనట. చెప్తుంటే ఆయన గొంతు వినాలి, ఎమ్మోయూ మీద తనే సంతకం పెట్టినంత గొప్పగా. నాకూ సంతోషమే, పొద్దున్నే పక్కింటామెకి చెప్పేశాను కూడా, ఆమెకి మైనింగ్ అంటే ఇసుక లారీలే తెలుసనుకో. కానీ ఒప్పందం ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉంది, లోగో మాత్రం రెడీ అన్నాడు చూడు, అక్కడ నాకు కాలింది. శుభలేఖలు అచ్చేశాక పెళ్ళికొడుకుని వెతుకుతారా ఎవరైనా? అందుకే కూర్చుని రాస్తున్నా, పెద్దగా ఉంటది, సగంలో వదిలేయకు.

ముందు చిన్నవి. బ్రిస్బేన్ మనకంటే నాలుగున్నర గంటలు ముందుంటది, కాబట్టి మీటింగ్ మన పొద్దున పెట్టు, మన సాయంత్రం పెడితే వాళ్ళు ఆవలిస్తూ అన్నిటికీ ఓకే అంటారు, మర్నాడు మెయిల్లో కాదంటారు. వానాకాలంలో ఫీల్డ్ స్టేషన్ తెరవకు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, కొత్త పరికరాలు పెట్టుకుని ఆ నెలలో ఆ రోడ్ల మీద తిరగడం ఎందుకు. కుర్చీలు, ఏసీ, కాఫీ మెషీన్ సంగతి నేను చెప్పక్కర్లేదు, వాటికి అందరూ సలహాలిస్తారు.

డబ్బు సంగతి కాస్త నిదానంగా చదువు. అక్కడి నుంచి వచ్చేది గ్రాంటా, లేక చేసిన పనికి ఫీజా అనేది మొదటి రోజే తేల్చుకో. ఫీజు అయితే మామూలు కాంట్రాక్టు, ఇన్వాయిస్, జీఎస్టీ, అంతే. గ్రాంటై, దాన్ని ఏ సొసైటీ పేరుతోనో ట్రస్టు పేరుతోనో తీసుకుంటే ఎఫ్‌సీఆర్‌ఏ, అదే విదేశీ విరాళాల చట్టం కిందకొస్తది. 2020లో ఆ చట్టం మార్చాక డబ్బు ముందుగా పడాల్సింది ఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోనే, ఆఫీసు ఖర్చులకి 20 శాతం మించకూడదు, ఆ డబ్బు ఇంకో సంస్థకి బదిలీ చేయకూడదు. ఈ మూడోది చూడు. హైదరాబాద్‌కి తెచ్చి అందులోంచి కొంత కొత్తగూడెం మైనింగ్ కాలేజీకి ఇస్తామని మీ ప్లాన్‌లో ఉందని మీ నాయన అన్నాడు. అది అలా కుదరకపోవచ్చు, ఆడిటర్‌ని ఇప్పుడే కూర్చోబెట్టు. ఇంకోటి, మన లెక్కలు మార్చి 31కి మూస్తారు, ఆస్ట్రేలియాలో మామూలుగా జూన్ 30కి. ఆ మూడు నెలల తేడా ఏం చేస్తదనుకుంటావు, డబ్బు దేనికి వాడామో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఏ సంవత్సరానిదో తెలియక జీతాలు ఆగుతాయి. ముందు ఆగేది ఎప్పుడూ డ్రైవర్ జీతం, ల్యాబ్ అటెండర్ జీతం. ప్రొఫెసర్లది ఆగడం నేనైతే చూళ్ళేదు.

ఆఫీసు హైదరాబాద్‌లో అంటే నాకు అభ్యంతరం లేదు. భూమి లోపల పరిశోధన చేసే ఎన్‌జీఆర్‌ఐ ఇక్కడే, ఇనుప గనుల కంపెనీ ఎన్‌ఎండీసీ ఇక్కడే, యురేనియం లాంటివి వెతికే అటామిక్ మినరల్స్ వాళ్ళు బేగంపేటలో, ఇప్పుడు కేంద్రం క్రిటికల్ మినరల్స్ మిషన్ కింద ఐఐటీ హైదరాబాద్‌నీ, లోహాల మీద పనిచేసే ఎన్‌ఎఫ్‌టీడీసీనీ సెంటర్లు చేశారు. కానీ కొత్తగూడెంలో బోర్డు తగిలించి తాళం వేసి నెలకోసారి తీసే స్టేషన్ పెట్టేటట్టయితే అసలు పెట్టకు. ఆ కాలేజీ 1978లో ఉస్మానియా వాళ్ళు పెట్టిన స్కూల్ ఆఫ్ మైన్స్, ఇప్పుడు మన్మోహన్ సింగ్ పేరుతో ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయింది. అక్కడి పిల్లలకి బొగ్గు పుస్తకంలో పాఠం కాదు, సగం మంది ఇళ్ళల్లో తాత, తండ్రి బొగ్గుబాయిలో దిగినవాళ్ళే. 1889 నుంచి ఇల్లందు వైపు బొగ్గు తవ్వుతున్నారు, అక్కడ బాయిలు మూతపడ్డాక ఊరికి ఏమవుతదో చదవాలంటే ఆస్ట్రేలియా పోనక్కర్లేదు. అక్కడే ఒక మనిషిని పర్మనెంట్‌గా పెట్టు, తెలుగు వచ్చిన మనిషిని, కోయ వస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు అసలు సంగతి. దీని కోసమే రాయడం మొదలుపెట్టా.

నేను ల్యాబ్‌లో జూనియర్ కెమిస్ట్‌గా ఉన్నప్పుడు ఇలాంటి ఉమ్మడి ప్రాజెక్టే ఒకటి వచ్చింది. ఏ దేశం, ఏ సంస్థ అని అడగకు, పేర్లతో పనిలేదు. ఓపెన్‌కాస్ట్, అంటే పైనుంచి తవ్వుకుంటూ పోయే గని చుట్టూ ఊళ్ళల్లో భూగర్భజలం మీద మైనింగ్ ప్రభావం, అదీ టాపిక్. మంచి టీమే, కష్టపడే మనుషులు, ఎండలో మాతోపాటు తిరిగారు, మేం తెచ్చిన పచ్చడన్నమే తిన్నారు. బావుల్లో, బోర్లలో నీళ్ళు తీశాం, అదే నీళ్ళతో సీసా మూడుసార్లు కడిగి నింపడం, లోహాలకి వేరే సీసాలో నైట్రిక్ యాసిడ్ చుక్కలు, ఐస్ డబ్బా, అన్నీ పద్ధతి ప్రకారం. ప్రతి ఇంటి దగ్గరా ఆడవాళ్ళు ఒకటే అడిగేవాళ్ళు, "మా నీళ్ళు మంచియేనా అమ్మా?" అని. రిజల్ట్స్ రాగానే చెప్తాం అనేవాళ్ళం. అలా చెప్పమని మాకు చెప్పింది మా ప్రాజెక్టు పెద్దాయనే.

శాంపిళ్ళలో సగం మా దగ్గర, సగం వాళ్ళ దేశంలో. ఇళ్ళ పేర్లు ఎందుకని ప్రతి బావికీ కోడ్ నంబర్ ఇచ్చారు, ఏ కోడ్ ఏ ఇల్లో రాసిన ఫైల్ మాత్రం వాళ్ళ తరఫు కుర్రాడొకడి కంప్యూటర్లో ఉండేది. ఒప్పందంలో "డేటా లీడ్ పార్ట్‌నర్ దగ్గర ఉంటుంది" అని ఒక్క లైన్ ఉంది. మా పెద్దాయన దాన్ని చదివాడు, అదేం పెద్ద విషయం అనుకుని సంతకం పెట్టాడు. ప్రాజెక్టు అయిపోయింది, ఆ కుర్రాడు వేరే ఉద్యోగానికి పోయాడు, చాలా రోజులకి ఇంగ్లీషులో మంచి బైండింగ్‌తో రిపోర్టు వచ్చింది. మా పెద్దాయన బీరువాలో పెట్టబోతుంటే నేను అడిగి తీసుకుని టేబుళ్ళు చూశా. జీడబ్ల్యూ-17 అని ఒక బావి. సల్ఫేటు ఫర్వాలేదు, ఇనుము ఫర్వాలేదు, ఫ్లోరైడ్ మాత్రం లిమిట్‌కి రెండింతల పైన. మన స్టాండర్డ్ ప్రకారం ఒక లీటరుకి ఒక మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా. రిపోర్టులో దాని గురించి ఒకే వాక్యం ఉంది, ఫ్లోరైడ్ రాతి నుంచి సహజంగా వచ్చింది, మైనింగ్ వల్ల కాదు, కాబట్టి ఈ స్టడీ పరిధిలో లేదు అని. సైన్స్ ప్రకారం ఆ వాక్యం కరెక్టే బిడ్డా! అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఎవరూ అబద్ధం రాయలేదు, ఎవరూ ఏదీ దాచలేదు, బొగ్గుబాయి వల్ల వచ్చిందా రాయి వల్ల వచ్చిందా అని తేల్చారు, తాగే మనిషికి చెప్పడం మాత్రం ఎవరి పనీ కాలేదు.

సరే, ఆ ఇల్లు ఏదో కనుక్కుందామంటే కోడ్ ఫైల్ లేదు. వాళ్ళకి రాస్తే మర్యాదగా జవాబు ఇచ్చారు, వెతుకుతున్నాం అని. మా పెద్దాయన ఇంకో ఉత్తరం రాయడానికి ఇష్టపడలేదు, మళ్ళీ ప్రాజెక్టు ఇస్తారేమో అని ఆశ. చివరికి నేనూ అటెండర్ రాజమల్లూ సీసాలు పట్టుకుని మళ్ళీ ఊరికి పోయాం. అప్పటికి ఓపెన్‌కాస్ట్ లోతుకి పోయి, నీళ్ళు తోడేస్తుంటే చుట్టుపక్కల బావులు కొన్ని ఎండిపోయాయి, కొన్ని పూడ్చేసి బోర్లు వేసుకున్నారు. జీడబ్ల్యూ-17 అప్పటికి ఉందో లేదో కూడా తేలలేదు. ఒక ముసలామె నా చేతిలోంచి నిండు సీసా తీసుకుని నేల మీద పారబోసి, "మొన్న తీస్కపోయిన నీళ్ళ సంగతి చెప్పి ఇవి తీస్కపో" అంది. రాజమల్లు నవ్వబోయి ఆగాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ ఊళ్ళోకి ఏ డిపార్ట్‌మెంటు పోయినా, చివరికి పల్స్ పోలియో వాళ్ళు పోయినా, ముందు ఆ మాటే వినేవాళ్ళట.

అందుకే నీ ఎమ్మోయూలో లోగో కంటే ముందు ఇవి రాయించు. తాగునీళ్ళకి సంబంధించిన ఏ రిజల్ట్ అయినా, మీ టాపిక్‌లో ఉన్నా లేకపోయినా, లిమిట్ దాటితే ఆ ఇంటికీ పంచాయతీకీ తెలుగులో ఒక పేజీ పోవాలి, పేపర్ పబ్లిష్ అయ్యేదాకా ఆగకుండా పోవాలి. పబ్లికేషన్ ముందు డేటా బయటికి ఇవ్వలేం అని అటువైపు లాయర్ అంటాడు, తప్పకుండా అంటాడు. తాగునీళ్ళకి మినహాయింపు అని విడిగా క్లాజు పెట్టించుకో, దానికి వాళ్ళ ఎథిక్స్ కమిటీనే నీకు తోడొస్తది, యూనివర్సిటీ వాళ్ళకి ఆ కమిటీ అంటే భయం. కోడ్ ఫైల్ మీ దగ్గర ఒకటి, వాళ్ళ దగ్గర ఒకటి, సీలు వేసి కాలేజీ రిజిస్ట్రార్ దగ్గర ఒకటి ఉండాలి. ఎవరైనా ఉద్యోగం మానేస్తే ల్యాప్‌టాప్ కంటే ముందు ఆ ఫైల్ అప్పజెప్పాలి. ఆఫీసు మూసేస్తే డేటా ఎవరిదో కూడా ఇప్పుడే రాయండి, ఇద్దరికీ మాటలు బాగున్నప్పుడే. మూసేసే రోజు ఎవరూ రాయరు.

బయటికి పంపేవాటి గురించి కూడా. గని నీళ్ళల్లోంచి బ్యాక్టీరియా తీసి బయోలీచింగ్‌కి, అంటే వాటితో ఖనిజంలోంచి లోహం రాబట్టడానికి, పంపుదాం అని వాళ్ళు సరదాగా అంటారు, బయోడైవర్సిటీ చట్టం కింద చెన్నైలో ఉన్న జాతీయ జీవవైవిధ్య అథారిటీ అనుమతి గానీ, కేంద్రం ఆమోదించిన కొలాబరేషన్ కాగితం గానీ లేకుండా ఒక్క సీసా కూడా పంపకు. డ్రోన్ సర్వే సన్నగా, అంటే మీటరు కంటే వివరంగా చేయాలంటే మ్యాపుల డేటా మీద కేంద్రం 2021లో ఇచ్చిన జియోస్పేషియల్ గైడ్‌లైన్స్ ప్రకారం మన సంస్థే చేయాలి, ఆ డేటా మన దేశంలోనే ఉండాలి. బ్రిస్బేన్ క్లౌడ్‌లో పెడదాం అంటే తల ఊపకు.

ఇంకో భయం ఉంది నాకు, సంతకాల భయం. 2019 జనవరి 25న బ్రెజిల్‌లో బ్రుమాడిన్యో దగ్గర గని వ్యర్థాల బురదని ఆపే డ్యామ్ కూలి 270 మంది పోయారు. గని క్యాంటీన్ డ్యామ్‌కి దిగువనే, సరిగ్గా మధ్యాహ్నం అన్నాల టైమ్. స్టెబిలిటీ బాగుందని సర్టిఫికెట్ ఇచ్చి అప్పటికి కొన్ని నెలలే. ఆ తర్వాత 2020లో ఇలాంటి టెయిలింగ్స్ డ్యామ్‌లకి గ్లోబల్ స్టాండర్డ్ వచ్చింది, డ్యామ్‌కి బాధ్యుడైన ఇంజనీర్ ఎవరో పేరు పెట్టి చెప్పాలి అందులో. నీ ఆఫీసు పేరు కాస్త బయటికి రాగానే కంపెనీలు వస్తాయి, మేడమ్ ఒక రిపోర్టు ఇవ్వండి చాలు అంటాయి. మీది రీసెర్చ్ ఆఫీసు, డ్యామ్ సేఫ్ అని రాసే పని మీది కాదు. కొలిచింది రాయి, కొలవనిది కొలవలేదని రాయి. ఆ డబ్బుతో రెండేళ్ళ జీతాలు గడుస్తాయని ఎవరైనా అంటే వాళ్ళని నాకు ఫోన్ చెయ్యమను.

పర్మిషన్ ఉంది కదా అనే మాట కూడా నమ్మకు. వాళ్ళ దగ్గరే, వెస్టర్న్ ఆస్ట్రేలియాలో జుకాన్ గార్జ్ అని 46 వేల ఏళ్ళ కింద మనుషులున్న రాతి గుహలు, చట్టప్రకారం 2013లోనే అనుమతి ఉంది, 2020 మేలో పేల్చేశారు. కంపెనీ సీఈఓ దిగిపోవాల్సి వచ్చింది, గుహలు తిరిగి వచ్చాయా? మన దగ్గర ఏజెన్సీ భూముల్ని ప్రైవేటు గనులకి లీజుకివ్వొద్దని సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన సమతా తీర్పు బొర్రా గుహల పక్కన అనంతగిరి గిరిజనుల కేసే. మీ బ్రిస్బేన్ వాళ్ళని మొదటి వారం పవర్‌పాయింట్ ముందు కూర్చోబెట్టే బదులు ఆ తీర్పు చదివించు. నువ్వు తిరిగే జిల్లాలో చాలా భాగం ఏజెన్సీ ఏరియానే.

ఇగ చివరిది, నీకు నవ్వొస్తది. నేను పనిచేసినన్నాళ్ళూ అండర్‌గ్రౌండ్‌లో ఆడవాళ్ళు పనిచేయకూడదని గనుల చట్టంలో 46వ సెక్షన్ ఉండేది. కింద నీళ్ళు మగవాళ్ళు తెచ్చి ఇచ్చేవాళ్ళు, నేను టెస్ట్ చేసేదాన్ని, ఏ మూల తీశారో వాళ్ళ మాటే నాకు సాక్ష్యం. 2019లో టెక్నికల్ పనులకి దిగొచ్చని గెజిట్ వచ్చింది, అప్పటికి నేను రిటైరయ్యా. నువ్వు దిగుతావు. దిగు, నీళ్ళు ఎక్కడివో నీ కళ్ళతో చూసి తీసుకో. కానీ సెల్ఫ్ రెస్క్యూయర్, అదే కింద విషవాయువు వస్తే ఊపిరికి పెట్టుకునే డబ్బా, బరువని పక్కన పెడితే ఊరుకోను, అది నడుముకే ఉండాలి, ఎలా వాడాలో పైనే రెండుసార్లు చేసి చూడు. కింద పని చూసుకునే ఓవర్‌మన్ ఆగమంటే ఆగు, పీహెచ్‌డీ సంగతి అక్కడ ఎత్తకు. బొగ్గు బాయిలోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు, లాకర్‌లో పెట్టి పో, సెల్ఫీల ఆశ వదులుకో. మొదటిసారి దిగిన రోజు నాకు కాల్ చెయ్యి, దిగేముందు కాదు, పైకొచ్చి స్నానం చేశాక చెయ్యి, ముందు చేస్తే నా బీపీకి నువ్వే జవాబు చెప్పుకోవాలి.

ఎమ్మోయూ డ్రాఫ్ట్ వాట్సాప్‌లో పంపకు, ఫోన్‌లో అక్షరాలు కనిపించట్లేదు. ప్రింట్ తీసి మీ నాయనతో పంపించు, రెండు వైపులా వద్దు, ఒక వైపే, ఎర్ర పెన్నుతో రాయడానికి నాకు చోటుండాలి.

నీ అత్త

తా.క. ఆ లోగోలో పచ్చ ఆకు తీయించు. బొగ్గుబాయి మీద ఆకు బొమ్మ వేసిన ప్రతి కాగితాన్నీ మా ఊరోళ్ళు అనుమానంగానే చూస్తారు.