ఆథరెస్, పోయెటెస్ లాంటి మాటలు ఇప్పుడు వాడొచ్చా?

బడిలో జెండర్ పాఠంలో ఆథర్–ఆథరెస్, పోయెట్–పోయెటెస్ అని బట్టీ పట్టినవాళ్లకు ఈ సందేహం సహజమే. సూటిగా చెప్పాలంటే, వాడకండి. మహిళ అయినా ఆథర్, పోయెట్, ఎడిటర్, మేనేజర్ అనే రాయండి. పోయెటెస్ అన్న పిలుపులో 'ఆడవాళ్లలో ఫర్వాలేదు' అన్న చులకన చాలాకాలంగా ధ్వనిస్తోంది. అది రాసేవాళ్లకు అన్యాయం.

అన్నీ ఒకేలా పోలేదు. వెయిట్రెస్, యాక్ట్రెస్ ఇంకా వినిపిస్తాయి. ఆస్కార్‌లో ఉత్తమ నటి అవార్డు పేరులో యాక్ట్రెస్ అలాగే ఉంది, కానీ బెర్లిన్ చిత్రోత్సవం 2021 నుంచి నటీనటులకు వేర్వేరు బహుమతులు ఆపేసింది. స్టూవార్డెస్ స్థానంలో ఫ్లైట్ అటెండెంట్ వచ్చింది. గవర్నెస్ అంటే మహిళా గవర్నర్ కాదు, ఇంట్లో ఉండి పిల్లలకు చదువు చెప్పే ఆవిడ. పరీక్షల్లో చాలామంది ఇక్కడే పొరబడతారు.

నాకు బాగా నచ్చేది 'ట్రిక్స్'తో ముగిసే మాటల గుంపు. 1932లో అట్లాంటిక్‌ను ఒంటరిగా విమానంలో దాటిన అమీలియా ఇయర్‌హార్ట్‌ను ఏవియేట్రిక్స్ అనేవారు. ఇప్పుడు పైలట్ అంటే చాలు. వీలునామాల్లో మాత్రం ఎగ్జిక్యూట్రిక్స్ (వీలునామాను అమలు చేసే మహిళ), టెస్టేట్రిక్స్ (వీలునామా రాసిన మహిళ) మన కోర్టు కాగితాల్లో నేటికీ కనిపిస్తాయి. లాటిన్ నుంచి వచ్చిన ఈ 'ట్రిక్స్', సంస్కృతం నుంచి మనకొచ్చిన రచయిత్రి, కవయిత్రిలోని 'త్రి' దూరపు చుట్టాలే. తెలుగులో రచయిత్రి అంటే గౌరవం తగ్గదు కాబట్టే, ఇంగ్లీషులో ఆథరెస్ అనడం తప్పని మనకు తోచదు.