స్టెప్నీ జాకీతో బ్రేక్ ప్యాడ్లు మార్చొచ్చా?

ప్రశ్న: మాది ఎనిమిదేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. బ్రేకు తొక్కితే ముందు నుంచి కీచుమంటోంది, స్పీడ్ బ్రేకర్ దిగితే ఎడమవైపు టకటక. షెడ్డులో చెప్పిన బిల్లు వినగానే గుండె గుభేలుమంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ప్యాడ్లు నేనే మార్చుకుందామనుకుంటున్నాను. బండితో వచ్చిన జాకీ సరిపోతుందా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: సరిపోదండీ. అది దారిలో పంక్చరైతే స్టెప్నీ ఎక్కించుకోవడానికి ఇచ్చిన జాకీ, దాని పని అంతవరకే. చక్రం ఊడదీసి చేతులు లోపల పెట్టాలంటే బరువు జాకీ స్టాండ్ల (ఎత్తిన బండిని కింది నుంచి మోసే ఇనప కాళ్లు) మీదికి దించాల్సిందే. రాణిగంజ్ స్పేర్ పార్టుల షాపుల్లో అడగండి. డబ్బులెందుకు దండగని సిమెంటు ఇటుకలు మాత్రం పేర్చకండి, చూడ్డానికి గట్టిగానే ఉంటాయి గానీ పగిలేటప్పుడు చెప్పి పగలవు.

ముందు నేల చూసుకోండి. నీళ్లు పోవడానికని సెల్లార్లలో వాలు పెడతారు, మామూలుగా చూస్తే తెలియదు. ర్యాంపు మీదైతే అసలు వద్దు. హ్యాండ్‌బ్రేక్ లాగి, మొదటి గేరులో పెట్టి, వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు వేయండి. నట్లు చక్రం నేల మీద ఉండగానే కాస్త వదులు చేయాలి, ఎత్తాక బలమంతా పెట్టి పానా తిప్పితే బండి జాకీ మీంచి జారొచ్చు. జాకీ ఎక్కడ ఆనించాలో మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది, వేరేచోట పెడితే రేకు లోపలికి మడతపడుతుంది. (ఎప్పుడైనా వెనక వైపు ఎత్తితే ముందు చక్రాలకు దిమ్మలు తప్పనిసరి. చాలా బండ్లలో హ్యాండ్‌బ్రేక్ పట్టుకునేది వెనక చక్రాలనే, అవి గాల్లో ఉంటే అది ఉన్నా లేనట్టే.)

ఇక కీచు సంగతి. వాన పడిన మర్నాడు పొద్దున్నే రెండు మూడు బ్రేకులకు వచ్చి పోతే డిస్కు మీద తుప్పు, వదిలేయండి. రోజంతా వస్తుంటే ప్యాడ్లు చూడండి, మందం 3 మిల్లీమీటర్లకు దగ్గరపడితే రెండు వైపులా ఒకేసారి మార్చాలి. ప్యాడ్లను డిస్కుకు నొక్కి పట్టే కాలిపర్‌ను దాని రబ్బరు గొట్టానికే వేలాడనివ్వకుండా తీగతో స్ప్రింగుకు కట్టండి. కాలిపర్‌లో ప్యాడ్లను తోసే పిస్టన్ వెనక్కి నెట్టేటప్పుడు బ్రేక్ ఆయిల్ డబ్బా మీద ఒక కన్నేసి ఉంచండి, పొంగి బాడీ మీద పడితే పెయింట్ లేచిపోతుంది. అన్నీ బిగించాక, బండి అంగుళం కూడా కదిలించక ముందు, పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. కొత్త ప్యాడ్లు వేశాక మొదటి తొక్కు నేరుగా కిందికి పోతుంది, సెల్లార్‌లో ఎదురుగా స్తంభమో పక్కింటివాళ్ల బండో ఉంటుంది.

టకటక ఎక్కువగా సస్పెన్షన్‌లోని లింక్ రాడ్ అనే చిన్న కడ్డీదో, చక్రాన్ని కింది నుంచి పట్టుకునే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌దో అయి ఉంటుంది. చక్రం తీసినప్పుడు ఊపి చూడండి, లూజుగా ఆడుతుంటే దొరికినట్టే. స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన భాగం) విప్పాల్సి వస్తే మాత్రం మెకానిక్‌కే వదిలేయండి, నొక్కి పెట్టిన స్ప్రింగు తప్పిందంటే చేతులకే ప్రమాదం.

ఆ బిల్లులో సామానుకెంత, లేబర్‌కెంత అని విడిగా రాయించుకోండి. డిస్కులు కూడా మార్చాలన్నారా, కొలిచి చూపించమనండి, కనీస మందం ఎంతుండాలో సాధారణంగా డిస్కు మీదే ముద్రించి ఉంటుంది.