కాటా ప్రోగ్రామ్‌కి ఏ కంపైలర్? అల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. రైసుమిల్లు వేబ్రిడ్జి (లారీలు తూచే కాటా) దగ్గర పాత 486 కంప్యూటర్ మీద, విండోస్‌కి ముందటి డాస్‌లో తూకం ప్రోగ్రామ్ ఇంకా నడుస్తోందని, దాన్ని బాగుచేసి ఇస్తానని ఒప్పుకున్నావని రాశావు. సి భాషలో రాసిన సోర్సుని మెషీన్ నడిపే ఫైలుగా మార్చే కంపైలర్ కొనాలా, ఫ్రీగా దొరికేవాటితో పని కానిచ్చేయొచ్చా అని అడిగావు. డబ్బు సంగతి తర్వాత చూద్దాం. ఆ సోర్సు ఏ కంపైలర్ కోసం రాశారో ముందు కనుక్కో. పాత మెషీన్ల దగ్గర ఎంత చాకిరీ ఉంటుందనేది దాన్నిబట్టే ఉంటుంది.

సోర్సు తెరిచి సీరియల్ పోర్టు భాగం వెతుకు. కాటా ఇండికేటర్ నుంచి బరువు వచ్చేది ఆ పోర్టులోంచే కదా. అక్కడ ఇన్‌పోర్ట్‌బి, అవుట్‌పోర్ట్‌బి, సెట్‌వెక్ట్ అనే ఫంక్షన్ పేర్లు కనిపిస్తే అది బోర్లాండ్ వాళ్ల టర్బో సి కోసం రాసింది. ఇన్‌పి, అవుట్‌పి, ముందు అండర్‌స్కోరు పెట్టిన డాస్ సెట్‌వెక్ట్ ఉంటే మైక్రోసాఫ్ట్ సి బాపతు. రెండోదైతే నీకు సగం పని తప్పినట్టే. ఓపెన్ వాట్‌కామ్ అనే ఫ్రీ కంపైలర్‌లోనూ అవే పేర్లు, పెద్దగా చెయ్యి పెట్టకుండానే కంపైల్ అవుతుంది. టర్బో సి అయితే ఆ పేర్లన్నీ మార్చుకుంటూ పోవాలి. స్క్రీన్ తుడిచే సిఎల్ఆర్ఎస్‌సిఆర్ కూడా వాట్‌కామ్‌లో లేదు, నువ్వే ఒకటి రాసుకోవాలి. ఇనిట్‌గ్రాఫ్‌తో బొమ్మలేవైనా గీసి ఉంటే అది వాడే బిజిఐ గ్రాఫిక్స్ లైబ్రరీ బోర్లాండ్ వాళ్ల సొంతం, ఆ ముక్క మొత్తం తిరగరాయాల్సిందే.

మనవైపు ఇంజనీరింగ్ కాలేజీల్లో చాలామంది సి నేర్చుకున్నది టర్బో సి++ 3.0 మీద. పెన్‌డ్రైవుల్లో చేతులు మారుతుంటుంది కాబట్టి అది ఫ్రీ అనుకుంటారు. కాదు. బోర్లాండ్ తన పాత సరుకులోంచి ఉచితంగా ఇచ్చినవి టర్బో సి 2.01, టర్బో సి++ 1.01. ఆ రెంటిలో 3.0 లేదు. ల్యాబ్ ఎక్సర్‌సైజుకి ఎవరూ అడగరు గానీ, బిల్లు రాసి డబ్బు తీసుకునే పనికి ఆ కాపీ వాడొద్దు. సోర్సు టర్బో సి దే అయి, మార్పులు చిన్నవైతే 2.01 చాలు.

దాన్ని పాతదని తీసిపారేయకు. ఎడిటర్, కంపైలర్, డీబగ్గర్ ఒకే స్క్రీన్‌లో ఉంటాయి. కంట్రోల్ ఎఫ్9 కొడితే రన్ అవుతుంది, ఆల్ట్ ఎఫ్5 కొడితే అవుట్‌పుట్, ఎఫ్7తో ఒక్కో లైనూ నడిపించుకోవచ్చు. కాటా గదిలో లారీ ఎక్కి ఉండగా ఆ 486 మీదే తప్పు పట్టుకోవాలంటే ఇప్పటికీ నాకు దానికి మించింది కనపడదు. చిరాకులూ లేకపోలేదు. ఫ్లోట్‌ని (దశాంశ సంఖ్యని) నేరుగా స్ట్రక్చర్‌లోకి (కొన్ని విలువల్ని కలిపి ఉంచే రికార్డులోకి) చదివిస్తే ఒక్కోసారి "ఫ్లోటింగ్ పాయింట్ ఫార్మాట్స్ నాట్ లింక్డ్" అని చెప్పి ప్రోగ్రామ్ ఆగిపోతుంది. నీ తప్పేమీ ఉండదు. అవసరం లేదనుకుని ఆ కోడ్‌ని, ముక్కలన్నీ కలిపి ప్రోగ్రామ్ తయారుచేసే లింకర్ వదిలేసి ఉంటుంది. ఎక్కడో ఒకచోట మామూలు ఫ్లోట్ వేరియబుల్ అడ్రస్ తీసుకునే చిన్న ఫంక్షన్ పెడితే సర్దుకుంటుంది.

మార్పులు ఎక్కువైతే మాత్రం నా ఓటు ఓపెన్ వాట్‌కామ్‌కే. కెనడాలో వాటర్‌లూ ఊళ్లో పుట్టిన వాట్‌కామ్ ఒకప్పుడు డబ్బుపెట్టి కొనుక్కునే కంపైలర్. 1993లో వచ్చిన డూమ్ గేమ్‌ని దాంతోనే కంపైల్ చేశారు. తర్వాత సైబేస్ చేతికి వచ్చింది, వాళ్లు సోర్సు బయటపెట్టారు, 2003లో ఓపెన్ వాట్‌కామ్ 1.0 వచ్చింది. నీకు దీంతో అసలు లాభం వేరే ఉంది. ఇంట్లో లైనక్స్ ల్యాప్‌టాప్ మీదే కంపైల్ చేసి, డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్‌లో చూసుకుని, తయారైన ఈఎక్స్‌ఈ (నడిచే ఫైలు) ఒక్కటే ఫ్లాపీలో మిల్లుకి పట్టుకెళ్లొచ్చు. 16 బిట్ల కోడ్ కూడా ఇస్తుంది కాబట్టి, రేపు ఇంకో మిల్లువాడు ఇంకా పాత 286 మెషీన్ చూపించినా ఇదే పనికొస్తుంది.

డిజె డెలోరీ 1989లో మొదలుపెట్టిన డిజెజిపిపి సంగతి కూడా అడిగావు. జిసిసి అనే ఫ్రీ కంపైలర్‌ని డాస్‌కి తెచ్చింది అదే. 1996 నాటి క్వేక్ దాంతో తయారైంది. డాస్‌కి ఉండే 640 కెబి మెమరీ పరిమితి గొడవ లేకుండా ఉన్న మెమరీ అంతా వాడుకోవచ్చు. కానీ 386కి తక్కువ మెషీన్ మీద నడవదు. పైగా ప్రొటెక్టెడ్ మోడ్ (మెమరీకి కంచె వేసి నడిపే పద్ధతి) కాబట్టి సీరియల్ ఇంటరప్ట్ (పోర్టులో డేటా వచ్చిందని ప్రాసెసర్‌కి అందే సంకేతం) పట్టుకోవాలంటే ఆ కోడ్‌ని, దాని డేటాని మెమరీలో లాక్ చేయడం లాంటి తతంగం ఉంటుంది. తూకం చీటీ ప్రింట్ చేయడానికి అంత టెన్షన్ ఎందుకు?

ఏ కంపైలర్ తీసుకున్నా ఇంట్ (పూర్ణసంఖ్య) సైజు చూసుకో. టర్బో సి లో ఇంట్ 2 బైట్లు, 32,767 దాటదు. కిలోల్లో రాసుకుంటే 40 టన్నుల లారీ ఎక్కగానే స్క్రీన్ మీద మైనస్ 25,536 పడుతుంది. మిల్లు ఓనరు చెప్పిన "అప్పుడప్పుడు తిక్క లెక్క" ఇదే అయ్యుంటుందని నా అనుమానం. వెంటనే లాంగ్ (4 బైట్ల పూర్ణసంఖ్య) పెట్టేయకు. రికార్డులు స్ట్రక్చర్‌గా ఫైల్లోకి రాసి ఉంటే సైజు మారిపోయి పాత తూకాలన్నీ అడ్డదిడ్డంగా వస్తాయి. డిజెజిపిపిలో ఇంట్ 4 బైట్లు, అక్కడ నువ్వేమీ మార్చకపోయినా ఇదే తంటా. అన్‌సైన్డ్ (మైనస్ లేని సంఖ్య) చేస్తే అవే 2 బైట్లలో 65,535 దాకా పడుతుంది, ఈ కాటాకి అది సరిపోతుందేమో చూసుకో. ప్రింటెఫ్‌లో %d తీసి %u పెట్టడం మర్చిపోకు. స్ట్రక్చర్ మధ్యలో ఒక్కో కంపైలర్ ఒక్కో రకంగా ఖాళీ వదులుతుంది, కాబట్టి పాత కంపైలర్‌లోనూ కొత్తదాంట్లోనూ సైజాఫ్ (స్ట్రక్చర్ ఎన్ని బైట్లో చెప్పేది) ప్రింట్ చేసి పోల్చు. తేడా వస్తే ప్యాకింగ్ ఆప్షన్ మార్చాలి.

వీటన్నిటికంటే ముందు ఆ హార్డ్ డిస్క్ మొత్తం కాపీ తీసుకో. పాత ఈఎక్స్‌ఈ పేరు మార్చి అక్కడే ఉంచు. కొత్తది పెట్టాక కొన్నాళ్లు ఖాళీ లారీ, లోడు లారీ రెండు తూకాలూ రెండింటిలోనూ తీయించి చీటీలు పక్కపక్కన పెట్టి చూడు.

ఆ సీరియల్ పోర్టు ముక్క ఫోటో తీసి పంపితే ఏ కంపైలర్‌దో నేనే చెప్తాను. అమ్మని అడిగానని చెప్పు.

మామయ్య