ధనికుడని మొగ్గు చూపడం, పేదవాడని వెనకేసుకురావడం: రెండూ పక్షపాతమేనా?

మా చర్చి సంఘంలో డబ్బున్నవాళ్ల వైపే మనసు లాగుతోంది, దీన్ని ఎలా మానుకోవాలి అని ఒకరు అడిగారు.

బైబిల్లోని యాకోబు పత్రిక (యాకోబు రాసిన ఉత్తరం) 2వ అధ్యాయం సరిగ్గా ఇదే చూపిస్తుంది. బంగారు ఉంగరం, మెరిసే బట్టలతో ఒకరు, మాసిన బట్టలతో ఇంకొకరు సంఘం కూడుకున్న చోటికి వస్తారు. మొదటివాడికి మంచి చోటు. రెండోవాడికి మాత్రం అక్కడ నిలబడు, లేదంటే కింద కూర్చో అనే మాట. యాకోబు దీన్ని మర్యాద తప్పడం అని సరిపెట్టలేదు, పాపం అన్నాడు (2:9).

చాలామంది గమనించనిది ఇంకోటుంది. తీర్పు తీర్చేటప్పుడు గొప్పవాడికే కాదు, బీదవాడికి కూడా పక్షపాతం చూపవద్దని బైబిల్లోనే ఉన్న లేవీయకాండము 19:15 చెబుతుంది. పేదవారికి సాయం చేయాల్సిందే. కానీ పేదవాడని అతని తప్పును కప్పిపుచ్చడం, డబ్బుంది కాబట్టి గర్విష్ఠే అని ముందే తేల్చేయడం కూడా పక్షపాతమే.

ఆరాధన అయ్యాక మీ కాళ్లు ఎవరి వైపు నడుస్తున్నాయో నాలుగు వారాలు గమనించండి. నాకైతే ఇదే కళ్లు తెరిపించింది. వెనక ఒంటరిగా కూర్చున్నవారి పేరు అడగండి, పై వారం ఆ పేరుతోనే పలకరించండి. ధనికుడి బాధను కూడా విరాళం ఊసెత్తకుండా వినండి.